నోటిపూత కథ: గ్రహణి నుండి క్యాన్సరు చికిత్స వరకు

"నోరు పూసినది" అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడును. వేడి చేసినదనియో, రాత్రి నిద్ర చాలలేదనియో, కారము ఎక్కువ తిన్నామనియో చెప్పుకొని, నాలుగు రోజులు మజ్జిగ త్రాగి ఊరకుందుము. సాధారణముగా ఆ పూత తనంత తానే మానిపోవును. కాని క్యాన్సరునకు రసాయన చికిత్స పొందువారికి వచ్చు నోటిపూత ఇట్టిది కాదు. అది రోగికి అన్నము, నీరు, మాట అన్నియు దూరము చేయగలదు. ఒక్కొక్కప్పుడు ప్రాణము నిలుపవలసిన చికిత్సనే ఆపివేయగలదు.

హైదరాబాదునకు దక్షిణమున, శంషాబాదు విమానాశ్రయమునకు చేరువలో రావిర్యాల అను ఊరు ఉన్నది. అట్టి ఊరినుండి ఒక రోగి నగరములోని ఆస్పత్రికి పోయి, నరములోనికి మందు ఎక్కించుకొని, సాయంకాలమునకు ఇల్లు చేరుననుకొందము. మొదటి రెండు మూడు దినములు వాంతులు, నీరసము ఉండును. అవి తగ్గినవి, ఇక భయము లేదనుకొను వేళకు, అనగా ఐదవ దినము మొదలు పదవ దినము లోపల, నాలుక చురచురలాడును. పెదవుల లోపలి చర్మము, బుగ్గలు, నాలుక అడుగుభాగము ఎఱ్ఱబారును. పిమ్మట ఆ ఎఱ్ఱదనము మీద పుండ్లు తేలును. ఆస్పత్రి దూరము; వైద్యుడు ఎదుట లేడు. "మందు వేడి చేసినది" అని ఇంటివారు సరిపెట్టుకొందురు. ఇది వేడి కాదు. ఇది ఏమో, ఎందుకు వచ్చునో తెలిసికొనుటకు ఒక చరిత్ర తెలియవలెను. ఆ చరిత్రలో ముఖ్యుడు ఒక తెలుగువాడు.

గ్రహణి పీడించిన ఇల్లు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నమున గాని కృతార్థులు కాలేదు. తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. స్వదేశోద్యమ కాలమది. ఖద్దరు వస్త్రముతో శస్త్రచికిత్స గదిలో ప్రవేశించుట ఆంగ్ల ఆచార్యునికి రుచింపలేదు. చివరకు వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

ఆ దినములలో మన దేశమున, అందును ఉష్ణ ప్రాంతములలో, గ్రహణి అను వ్యాధి అనేకులను బలిగొనుచుండెను. పాశ్చాత్య వైద్యులు దీనిని స్ప్రూ అందురు. ఎడతెగని విరేచనములు, రక్తహీనత, శరీరము కృశించుట దీని లక్షణములు. వీటితోబాటు మరియొక లక్షణము కలదు. నాలుక నున్నబడి, ఎఱ్ఱబడి, మండును; నోరు పూయును. అన్నము ముద్ద నోట బెట్టుటయే కష్టమగును. ఈ వ్యాధివలననే సుబ్బారావుగారి సోదరులు ఇద్దరు కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. తరువాత వారినే ఆ వ్యాధి పట్టెను. మద్రాసులోని ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన వారు బ్రతికి బయటపడిరి. కొంతకాలము లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణశాస్త్రము బోధించిరి.

ఈ అనుభవము వారి మనస్సులో నాటుకొనెనని జీవిత చరిత్రకారులు చెప్పుదురు. గ్రహణికి మూలమేమి, మందేమి అను ప్రశ్నతోనే, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ సహాయము పొంది, 1920 తరువాతి తొలి సంవత్సరములలో వారు అమెరికాలోని బోస్టను నగరమునకు పోయిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలసి రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తి నిచ్చు పదార్థములను గూర్చి పరిశోధించిరి. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరులో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, త్వరలోనే పరిశోధనలకు నాయకులైరి.

బొంబాయి స్త్రీలు, పాలకూర ఆకు

ఇదే సమయమున ఇంకొక దారిలో మరొక కథ నడచుచుండెను. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీలకు వచ్చు ఘోరమైన రక్తహీనతను పరిశీలించెను. మద్యము పులియబెట్టగా మిగులు మడ్డినుండి తీసిన మార్మైట్ అను చౌక పదార్థమును తినిపించగా ఆ స్త్రీలు కోలుకొనిరి. ఈ సంగతి 1931లో ప్రకటితమయ్యెను. ఆ మడ్డిలో రక్తమును పుట్టించు పదార్థమేదో ఉన్నదని తేలెను. అది ఏమో తెలియలేదు. 1941లో అమెరికాలోని టెక్సాసు శాస్త్రజ్ఞులు పాలకూరను టన్నుల కొద్ది మరగించి, సూక్ష్మజీవుల పెరుగుదలకు అవసరమైన ఒక ఆమ్లమును వేరుచేసి, లాటిన్ భాషలో ఆకునకు గల 'ఫోలియం' అను పేరును బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి.

దానిని ప్రయోగశాలలో తయారుచేసిన ఘనత సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన లెడర్లీ బృందమునకు దక్కెను. 1945లో ఆ సంగతి వెల్లడి అయ్యెను. ఆకునుండి చిటికెడు తీయుటకే ఇంత శ్రమ పడవలసిన వస్తువు ఇప్పుడు సీసాలలో లభించెను. వెంటనే అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ దానిని గ్రహణి రోగుల కిచ్చి చూచెను. రక్తము పుంజుకొనెను, నాలుక మంట తగ్గెను, నోటిపూత మానెను. సోదరులను తీసికొనిపోయిన వ్యాధికి సుబ్బారావుగారు ఇట్లు మందు చూపిరి.

ఇక్కడ పాఠకులు ఒక విషయము గుర్తుంచుకొనవలెను. ఫోలిక్ ఆమ్లము లేనప్పుడు నోరు పూసినది, ఇచ్చినప్పుడు మానినది. కారణమిది. మన నోటి లోపలి పొరలోని కణములు నిత్యము అరిగిపోవుచు, అడుగునుండి క్రొత్త కణములు పుట్టుచుండును. ఒకటి రెండు వారములలో ఆ పొర మొత్తము మారిపోవునని చెప్పవచ్చును. క్రొత్త కణము పుట్టవలెనన్న దానిలో డి.ఎన్.ఎ. అను వంశపదార్థము రెట్టింపు కావలెను. ఆ పనికి ఫోలిక్ ఆమ్లము కావలెను. ఎముకల మూలుగలో పుట్టు రక్తకణములకును, ప్రేవుల లోపలి పొరకును ఇదే సూత్రము. కావుననే గ్రహణి రోగికి నోరు, రక్తము, ప్రేవులు మూడును ఒక్కసారిగా చెడినవి.

మారు తాళపుచెవి

బోస్టనులో పిల్లల ఆస్పత్రియందు సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో చనిపోవు పసిపిల్లలను చూచుచుండెను. ఆనాడు ఆ వ్యాధికి మందు లేదు. వ్యాధి తెలిసిన కొన్ని వారములలోనో, నెలలలోనో పిల్లలు మరణించుచుండిరి. ఫోలిక్ ఆమ్లమునకు సంబంధించిన పదార్థముల నిచ్చినపుడు వారి వ్యాధి తగ్గుటకు బదులు వేగముగా పెరిగినట్లు ఫార్బరునకు తోచెను. అట్లయినచో ఫోలిక్ ఆమ్లమునకు విరోధి నిచ్చి చూచిన ఏమగును?

అట్టి విరోధులను లెడర్లీలో తయారుచేయుచుండిరి. ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒక చిన్న భాగమును మార్చి, సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ అను రసాయనికులు అమినోప్టెరిన్ అను పదార్థమును 1947లో సిద్ధపరచిరి. ఇది మారు తాళపుచెవి వంటిది. కప్పలో దూరును; కాని తిరుగదు. అసలు తాళపుచెవిని లోనికి పోనీయదు. కణములోని ఎంజైము ఈ నకిలీ ఆమ్లమును పట్టుకొని అక్కడనే చిక్కుకొనును. ఆ కణము ఇక రెండుగా చీలజాలదు. (ఇది ఏ ఎంజైమో, ఎట్లు చిక్కుకొనునో 1958 నాటికి గాని తేటపడలేదు. అంతకు పదేండ్ల ముందే మందు పిల్లలకు చేరినది.)

1947 డిసెంబరు 28న ఫార్బర్ ఈ మందును ఒక బాలునికి మొదట ఇచ్చెను. 1948 జూన్ 3న ప్రకటించిన వ్యాసములో పదునారుగురు పిల్లల సంగతి వ్రాసెను. వారిలో పదిమందికి గుణము కనబడెను. అది తాత్కాలికమే. అయినను పిల్లల తీవ్రమైన రక్తపు క్యాన్సరు మందునకు లొంగుట వైద్యచరిత్రలో అదియే మొదలు. ఆ వ్యాసముననే మందు చేయు కీడును వ్రాసిరి. పిల్లల నోరు పూయుచుండెను, పుండ్లు పడుచుండెను.

ఇది చరిత్రలోని విచిత్రము. గ్రహణిలో ఫోలిక్ ఆమ్లము చాలక నోరు పూసినది. ఇప్పుడు ఫోలిక్ ఆమ్లమునకు అడ్డుపడు మందు నిచ్చుటచే నోరు పూసినది. రోగము వేరు, కారణము ఒక్కటే. మందునకు క్యాన్సరు కణమేది, నోటి కణమేది తెలియదు. వేగముగా పెరుగు కణమునెల్ల అది పట్టును. ఈ విజయమును కన్నులార చూచిన కొద్దికాలమునకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు తమ యాబదిమూడవ ఏట న్యూయార్కులో కన్నుమూసిరి. 1995లో, వారి శతజయంతి సంవత్సరమున, భారత ప్రభుత్వము వారి పేర తపాలా బిళ్ళ వెలువరించినది.

నోరే కొలబద్ద

అమినోప్టెరిన్ కంటె కొంత నిదానమైనది మెథోట్రెక్సేట్. అదియు లెడర్లీలో పుట్టినదే. 1956లో అమెరికాలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్స్ అను వైద్యులు గర్భాశయమున పుట్టు కోరియోకార్సినోమా అను క్యాన్సరును ఈ మందుతో లొంగదీసిరి. శరీరములో వ్యాపించిన గట్టి కణితిని మందుతో నయము చేయుట అదే మొదలు. ఆనాడు రక్తములో మందు ఎంత ఉన్నదో కొలుచు సాధనములు లేవు. వైద్యులు నోరు చూచెడివారు. ఐదు దినములు మందిచ్చి, నోరు పూసిన ఆపి, పూత మాని రక్తము కుదుటబడిన పిమ్మట మరల ఆరంభించెడివారు. నోటిపూత అప్పుడు కీడే కాదు, హెచ్చరిక కూడ.

ఈ హెచ్చరిక ఈనాటికిని వర్తించును. మెథోట్రెక్సేట్‌ను స్వల్ప మోతాదులో కీళ్ళవాతమునకు, సోరియాసిస్ అను చర్మవ్యాధికి కూడ ఇచ్చుదురు. ఆ వ్యాధులలో ఈ మాత్రను వారమునకు ఒక్క దినము మాత్రమే తీసికొనవలెను. చీటీ సరిగా చదువక ప్రతిదినము వేసికొన్నవారు ప్రాణాపాయమున పడిన సందర్భములు అనేక దేశములలో కలవు. అట్టివారికి మొదట కనబడు గుర్తులలో నోటిపూత ఒకటి. కావున ఇంటిలో ఎవరైన ఈ మాత్ర వాడుచు, "నోరు పూసినది" అనిన, వేడి చేసినదని మజ్జిగ ఇచ్చి ఊరకుండరాదు. మాత్రల లెక్క చూచి, ఆ దినమే వైద్యుని యొద్దకు పోవలెను. వారమునకు ఏ దినము వేసికొనవలెనో ఆ వారము పేరు, సోమవారమో గురువారమో, మందుపెట్టెపై తెలుగులో వ్రాసి పెట్టుట మంచిది. ఈ రోగులకు వైద్యులు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు కూడ ఇచ్చుటకు కారణము ఇప్పుడు పాఠకులకు బోధపడి యుండును. అవి నోటిపూతను తగ్గించును.

విరుగుడు

కాని మందును అధిక మోతాదులో ఇచ్చినపుడు ఫోలిక్ ఆమ్లము పనికిరాదు. ఏలయన, అడ్డుపడిన ఎంజైము గుండా పోయిన గాని అది ఉపయోగమునకు రాదు. తలుపు మూసియున్నప్పుడు తలుపు ముందర ఎన్ని మూటలు పేర్చిన ఏమి ఫలము? 1948లో సౌబర్లిక్, బౌమన్ అను శాస్త్రజ్ఞులు ఒక సూక్ష్మజీవి పెరుగుదలకు కావలసిన మరియొక పదార్థమును కనుగొనిరి. అది ఫోలిక్ ఆమ్లమునకు చుట్టము. కాని మూసిన తలుపుతో పనిలేక, లోపలి గదిలోనికే చేరగలదు. దానినే నేడు ల్యూకోవోరిన్ లేక ఫోలినిక్ ఆమ్లము అందురు.

ఈ విరుగుడును ఎప్పుడు ఇయ్యవలెను అనునది గొప్ప ప్రశ్న. మందుతోబాటే ఇచ్చిన, క్యాన్సరు కణము కూడ తప్పించుకొనును. ఎలుకలపై 1950 తరువాత జరిగిన పరిశోధనలలో, కొంత ఆలస్యముగా ఇచ్చిన మేలు ఎక్కువని తేలెను. ఈ సూత్రముననుసరించి, 1970 తరువాత ఎముకల క్యాన్సరు గల పిల్లలకు మెథోట్రెక్సేట్‌ను మిక్కిలి పెద్ద మోతాదులో ఇచ్చి, సుమారు ఒక దినము గడచిన పిమ్మట ల్యూకోవోరిన్ ఆరంభించి, రక్తములో మందు చాలినంత తగ్గువరకు దానిని కొనసాగించుట అలవాటయ్యెను. విరుగుడు ఒక్క పూట తప్పినను నోరు, రక్తము రెండును దెబ్బతినును. అందుచే ఈ చికిత్సలో గడియారము కూడ ఒక మందే.

ఇందులో ఇంకొక మెలిక కలదు. 1957లో చార్లెస్ హైడెల్బర్గర్ వెలువరించిన ఫ్లోరోయురాసిల్ అను మందు ప్రేవుల క్యాన్సరునకు విశేషముగా వాడుదురు. దానితో కలిపినపుడు ల్యూకోవోరిన్ విరుగుడు కాదు. ఆ మందు బలమును అది పెంచును. నోటిపూతను కూడ పెంచును. మెథోట్రెక్సేట్ విషయమున కాపాడు చేయియే ఇచ్చట దెబ్బను గట్టిచేయును. కావున "ఫలానివారికి ఈ ఇంజెక్షనుతో నోటిపూత తగ్గినదట" అని విని, తమకును అడుగుట తగదు.

మంచుముక్క చేసిన మేలు

ఫ్లోరోయురాసిల్ వలన కలుగు నోటిపూతకు 1991లో ఒక చౌకయైన ఉపాయము వెలువడెను. అమెరికాలోని మేయో క్లినిక్కునకు చెందిన వైద్యులు, మందు ఎక్కించుటకు ఐదు నిమిషములు ముందునుండి ముప్పది నిమిషములపాటు రోగుల నోటిలో మంచుముక్కలు ఉంచిరి. అట్టివారికి పూత గణనీయముగా తగ్గెను. ఇందలి సూత్రము సులభము. ఒక్కసారిగా నరములోనికి ఎక్కించిన ఫ్లోరోయురాసిల్ రక్తమున బలముగా నుండునది కొద్ది నిమిషములు మాత్రమే. ఆ నిమిషములలో చలికి నోటిలోని సన్నని రక్తనాళములు ముడుచుకొనును. రక్తము తక్కువగా వచ్చిన, మందును తక్కువగా వచ్చును. మూలుగ మార్పిడికి ముందు ఇచ్చు మెల్ఫలాన్ అను మందు విషయములోను ఇది ఫలించినది.

అయితే ఇది అన్ని మందులకు చెల్లదు. దినముల తరబడి మెల్లమెల్లగా ఎక్కించు మందునకు అరగంట మంచు ఏమి చేయగలదు? పైగా ఆక్సాలిప్లాటిన్ అను మందు పొందువారికి చల్లని వస్తువు తగిలిన గొంతు పట్టినట్లగును, నరములు జివ్వుమనును. వారు మంచుకు దూరముగా ఉండవలెను. కావున మంచుముక్క కూడ వైద్యుని అనుమతితో వాడవలసిన మందే.

పుండు ఎట్లు పుట్టును?

చాలకాలము వరకు వైద్యులు నోటిపూతను పైపొర కణముల చావు మాత్రమే అనుకొనిరి. 1998లో బోస్టనుకు చెందిన దంతవైద్యుడు స్టీఫెన్ సోనిస్ వేరొక వివరణ చూపెను. ఆయన తరువాత విస్తరించి చెప్పిన ప్రకారము ఇది ఐదు దశలుగా నడచును. మందు సోకగానే పైపొర క్రిందనున్న కణజాలములో గాయము మొదలగును. కంటికేమియు కనబడదు. పిమ్మట గాయపడిన కణములు వాపు పుట్టించు పదార్థములను విడుచును. ఆ పదార్థములు ఒకదానినొకటి రెచ్చగొట్టి వాపును పెంచును. నాలుగవ దశలో పైపొర చిట్లి పుండగును. నోటిలోని సూక్ష్మజీవులు అందులో చేరును. తెల్ల రక్తకణములు కూడ సరిగా ఆ దినములలోనే తగ్గియుండును గనుక, ఆ సూక్ష్మజీవులు రక్తములోనికి పోవుట సులభము. ఐదవ దశ మానుదల. చాలమందికి రెండు మూడు వారములలో పూత మానును.

ఈ వివరణవలన పుండు పడిన తరువాత పూయు లేపనముకంటె, ముందుగా చేయు రక్షణయే మేలని తెలిసినది. ఆ ఆలోచనతో వచ్చిన మందులలో, పైపొర కణములను పెంచు పాలిఫెర్మిన్ అనునది 2004లో అమెరికాలో అనుమతి పొందెను. మూలుగ మార్పిడి పొందు కొందరికి అది ఉపకరించును. మరియొకటి మందమైన లేసరు కాంతి. 1967లో హంగేరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ లేసరు కాంతి సోకిన ఎలుకలకు వెంట్రుకలు త్వరగా మొలచుట గమనించెను. ఆ దారిలో గాయములు మానుట కూడ పరిశీలించిరి. నేడు మూలుగ మార్పిడి పొందువారికిని, మెడ, నోటి క్యాన్సరులకు కిరణచికిత్స పొందువారికిని నోటిపూత రాకుండ ఈ కాంతిని వాడుదురు. క్రొత్త తరహా మందైన ఎవెరోలిమస్ వలన వచ్చు పూతకు డెక్సామెథాసోన్ కలిపిన పుక్కిలింత నీరు ఉపకరించునని 2017లో తేలినది.

ఒక కొలత కూడ ఏర్పడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1979లో ఇచ్చిన కొలత ప్రకారము పూత లేకున్న సున్న. ఎఱ్ఱదనము, నొప్పి మాత్రమే ఉన్న ఒకటి. పుండ్లున్నను గట్టి ఆహారము తినగలిగిన రెండు. ద్రవములు మాత్రమే త్రాగగలిగిన మూడు. ఏమియు మింగలేకున్న నాలుగు. ఇంటివారు కూడ దీనిని గుర్తుంచుకొనిన, ఫోనులో వైద్యునికి సంగతి తెలుపుట తేలిక. "చాల బాధగా ఉన్నది" అనుటకంటె "నిన్న అన్నము తినెను, నేడు నీరు మాత్రమే దిగుచున్నది" అనుట మేలు.

మన ఇంట చేయదగినవి

హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పూనికతో 1955లో క్యాన్సరు ఆస్పత్రి వెలసెను. నేడు ఎం.ఎన్.జె. సంస్థయని పిలువబడునది అదియే. శంషాబాదు దాటి బెంగుళూరు రహదారిపైనున్న కొత్తూరులో క్యాన్సరు మందుల కర్మాగారము కలదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన పిమ్మట పేదవారికి కూడ రసాయన చికిత్స అందుబాటులోనికి వచ్చెను. అనగా మందు మన ముంగిటికి వచ్చినది. రోగి ఆస్పత్రిలో గడుపునది కొన్ని గంటలు. నోటిపూతతో గడుపునది ఇంటిలో. కావున ఇంటి సేవ ముఖ్యము.

చికిత్స ఆరంభించుటకు ముందే దంతవైద్యునికి నోరు చూపవలెను. పుచ్చిన పన్ను, గీసుకొను కట్టుడుపళ్ళు, చీము పట్టిన చిగురు ముందుగా సరిచేసికొనవలెను. మెత్తని కుంచెతో దినమునకు రెండు మారులు పళ్ళు తోముకొనవలెను. వేపపుల్ల, బొగ్గుపొడి, ఉప్పురాయి ఈ దినములలో పనికిరావు. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా వంటసోడా కలిపి, కొన్ని గంటలకు ఒకమారు పుక్కిలించి ఉమ్మివేయవలెను. ఏ దినమున కలిపిన నీరు ఆ దినమే వాడవలెను. ఇది పుండును మాయము చేయు మందు కాదు. నోటిని శుభ్రముగా, తడిగా ఉంచును. సారాయము కలిసిన పుక్కిలింత మందులు మంట పుట్టించును. చుట్ట, బీడీ, గుట్కా, సున్నముతో తాంబూలము పూర్తిగా మానవలెను.

ఆహార విషయమున మన అలవాట్లే మనకు శత్రువులు. ఆవకాయ, గోంగూర, చింతపండు పులుసు, మిరపకాయ కారము, కరకరలాడు చేగోడీలు, వడియములు నోరు మానువరకు దూరముగా నుంచవలెను. మెత్తగా ఉడికించి చల్లార్చిన పప్పన్నము, రాగిజావ, పాలు, అరటిపండు గుజ్జు, ఉడికిన గ్రుడ్డు మంచివి. ఒకేసారి పెట్టుటకంటె కొంచెము కొంచెముగా పలుమారులు పెట్టవలెను. నొప్పికి తినుటకు ముందు పూసుకొను మత్తుమందు లేపనములు కలవు. అవి చాలకున్న మార్ఫీన్ కూడ ఇచ్చుదురు. 1985 నాటి చట్టమువలన మార్ఫీన్ దొరకుట దుర్లభముగా నుండెను. 2014లో చట్టమును సవరించి దారి సుగమము చేసిరి. క్యాన్సరు నొప్పికి వైద్యుడు ఇచ్చిన మార్ఫీన్ చూచి ఇంటివారు జంకనక్కరలేదు.

తేనె పూయుట మనకు పాత అలవాటు. కిరణచికిత్స పొందు కొందరికి అది మేలు చేయునని ఇటీవలి నిపుణుల సూచనలు కూడ చెప్పుచున్నవి. కాని తెల్లకణములు తగ్గినవారు వైద్యుని అడుగకుండ వాడరాదు. పటిక వంటి ఘాటు వస్తువులు పచ్చిపుండుపై రుద్దరాదు.

కొన్ని గుర్తులు కనబడిన ఇంటి సేవతో ఆగరాదు. జ్వరము 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలకు చేరినను, నోటిలో తెల్లని మీగడవంటి పొర కట్టినను, రక్తము కారినను, నీరు కూడ మ్రింగలేకపోయినను, రాత్రియైనను ఆస్పత్రికి పోవలెను. రసాయన చికిత్సలో నున్నవారికి జ్వరమనిన తెల్లవారువరకు వేచియుండదగినది కాదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి కలదు. నోటిపూతకు భయపడి అనేకులు రెండవమారు మందునకు పోవుట మానుదురు. ఎవరికిని చెప్పరు, ఇంటిలోనే ఉండిపోవుదురు. నయము కాదగిన వ్యాధి అట్లు చేయిదాటిపోవును. నోరు పూసినదని వైద్యునికి చెప్పిన, ఆయన మోతాదు మార్చగలడు, విరుగుడు ఇయ్యగలడు, మంచుముక్క వంటి ఉపాయము చెప్పగలడు. చెప్పకున్న ఏమియు చేయలేడు.

ఫార్బర్ పిల్లలకు మొదటి మందిచ్చి డెబ్బదియైదు ఏండ్లకు పైగా గడచినవి. ఆనాడు పదునారుగురిలో ఎవరికిని శాశ్వతముగా నయము కాలేదు. నేడు మంచి చికిత్స లభించిన చోట్ల ఆ రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలలో అధికసంఖ్యాకులు కోలుకొనుచున్నారు. వారి చికిత్సలో ఇప్పటికిని మెథోట్రెక్సేట్ ఒక మందు. గ్రహణితో నోరు పూసి, సోదరులను పోగొట్టుకొని భీమవరము బిడ్డ ఒకడు వేసిన ప్రశ్నయే ఈ మందునకు మూలము. ఆ మందుతో నోరు పూసిన పసివానికి ఒక గిన్నెడు చల్లని జావ, ఒక చెంబెడు ఉప్పునీరు సమయమునకు అందించి, మరల ఆస్పత్రికి తీసికొనిపోవుట రావిర్యాలలోని తల్లి చేయవలసిన పని. ఆ పని జరిగిన నాడే ప్రయోగశాలలో పడిన శ్రమ సార్థకమగును.